ఎవరూ గుంజుకోని నేల

ఆయన పోయాడని నాకు చెప్పింది మా గ్రంథాలయం ఊడ్చే ఆదెమ్మ. చేతిలో చీపురు పక్కన పెట్టకుండానే చెప్పింది.

"మేడమ్, మీ లానాయన లేడంట. పోయిన వారం మంగళారం మద్యాన్నం అన్నం తిని సాప మింద ఒరిగినాడంట. మళ్ళా లెయ్యలేదంట."

అప్పటికి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజుల్లో నేనేం చేశానో గుర్తు చేసుకుంటే సిగ్గుగా ఉంది. పుస్తకాలవాళ్ళ ఫోన్ గుంపు ఒకటుంది మాకు. అందులో 'మట్టి వాసన వేసే పది పుస్తకాలు' అని ఒక జాబితా రాసి పెట్టాను. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఏడో పుస్తకం గురించి రాస్తున్నప్పుడు ఆయన గుర్తొచ్చి, 'ఈసారి వచ్చినప్పుడు దీన్ని ఇచ్చి చూడాలి' అని కూడా అనుకున్నాను. అప్పటికి ఆయన్ని మట్టి చేసి నాలుగు రోజులైంది.

ఆయన పేరు నాకు తెలుసు. చందాదారుల పుస్తకంలో రాసింది నేనే. ఇక్కడ మాత్రం రాయను. బతికుండగా ఒకసారి ఆయన్ని నలుగురిలో పరిచయం చేసి చేసిన నిర్వాకం చాలు. దాని గురించి తర్వాత చెబుతాను.

ముందుగా నా సంగతి. తిరుపతి నుంచి ఏర్పేడు వెళ్ళే దారిలో, రోడ్డును ఆనుకుని ఉన్న ఒక చిన్న శాఖా గ్రంథాలయానికి నేను అధికారిని. అధికారి అంటే పెద్దగా ఊహించుకోకండి. తలుపు తాళం మీద, ఫ్యాను స్విచ్చి మీద, ఒకే దినపత్రిక కోసం పొద్దున్నే పోట్లాడుకునే ఆరుగురు పెద్దమనుషుల మీద నాకు అధికారం ఉంది. ఆ ఆరుగురు కూడా నా మాట వినరు.

దీనికి తోడు నాకొక జబ్బుంది. ఎవరు కనబడినా పుస్తకం సిఫారసు చేస్తాను. అందులోనూ నేల గురించి, ఉనికి గురించి, బతుకు పోరాటం గురించి, కళ్ళు చెమర్చే పుస్తకాలంటే నాకు ప్రాణం. పొద్దున పూట అలిపిరి దగ్గర మేం నలుగురు ఆడవాళ్ళం నడకకు వెళ్తాం. నేను 'మొన్నొక నవల చదివాను' అనగానే మిగతా ముగ్గురి నడక వేగం పెరుగుతుంది. వాళ్ళ ఆరోగ్యానికి నేను చేసిన మేలు ఏ డాక్టరూ చేసి ఉండడు. గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువాకు 'నేల – ఉనికి – మనుగడ' అని రంగు పెన్నులతో అట్ట రాసి అంటించాను. ఆ బీరువా తలుపు తీసేటప్పుడు నా గొంతు దానంతటదే కొంచెం బరువెక్కుతుంది.

ఇంత చెప్పే నాకు నేల సంగతి ఏమైనా తెలుసా అంటే, ఏమీ తెలియదు. నేను పుట్టింది నగరిలో, నేతవాళ్ళ ఇంట్లో. మాకు సెంటు భూమి కూడా లేదు. మా అమ్మ కరివేపాకు చెట్టును కూడా నూనె డబ్బాలోనే పెంచింది. అయితే సభల్లో మాట్లాడాల్సి వస్తే నాకొక వాక్యం ఉంది. 'మగ్గాన్ని లాగేసుకున్న ఇంటి బిడ్డను నేను' అని మొదలుపెట్టేదాన్ని. చప్పట్లు పడే వాక్యం అది. ఎవరు లాగేసుకున్నారని ఒక్కరూ అడిగేవాళ్ళు కారు. అడక్కపోవడమే నాకూ కావాల్సింది.

ఆయన మొదటిసారి వచ్చింది రెండేళ్ళ క్రితం. అరవై దాటిన మనిషి. మోకాళ్ళ కిందికి పంచె, భుజాన తువ్వాలు. లోపలికి రాకుండా బయట కొళాయి దగ్గర చేతులు కడిగాడు. తువ్వాలుతో వేలు వేలునా తుడుచుకున్నాడు. అప్పుడొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. అంత కడిగినా వేళ్ళ కొసలు ఆకుపచ్చగానే ఉన్నాయి. ఆయన నిలబడినచోట అప్పుడే కోసిన పచ్చిగడ్డి వాసన.

"సదువుకునేదానికి ఏమన్నా ఇస్తారా మేడమ్? మద్యాన్నం పూట పొద్దు పోలా."

ఆదెమ్మ నా చెవిలో ఊదింది. మా గ్రంథాలయానికి కొంచెం దూరంలో పెళ్ళిళ్ళ హాలు ఒకటుంది. దాని ముందు పెద్ద పచ్చిక, అదే లాను, నడుమ నీళ్ళు చిమ్మే బొమ్మ. ఆ హాలు కట్టింది ఆయన చేలోనేనట. ఇప్పుడు అదే హాల్లో ఆయన పచ్చిక పెంచే పనిలో ఉన్నాడట.

ఈ మాట వినగానే నా గుండె కరిగిపోయింది. ఇంకా నిజం చెప్పాలంటే, గుండె కరిగే అవకాశం దొరికినందుకు సంతోషం కలిగింది. నా బీరువాకు తగిన పాఠకుడు ఇన్నాళ్ళకు దొరికాడు! తలుపు తీసి, గొంతు బరువు చేసుకుని, భూమి పోగొట్టుకున్న ఒక రైతు నవల ఆయన చేతిలో పెట్టాను. చివర్లో రైతు ఊరు వదిలి వెళ్ళిపోతాడు. ఆ నవల చదివిన మూడుసార్లూ నేను ఏడ్చాను.

పది రోజులకు తిరిగి తెచ్చాడు.

"ఎట్లుంది అన్నా?"

"బాగుండాది మేడమ్. ఏడ్సినా గూడా."

నాకు లోపల పండగ. "ఎక్కడ ఏడ్చారు? భూమి వేలం వేసే చోటా?"

"ల్యా. ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంటాది గదా, ఆడ. కుంటతా ఉంటాది పాపం. పేజీలు తిప్పతా ఉండా, ముల్లు తీస్తాడేమో తీస్తాడేమో అని. కత అయిపాయ. రాసినాయప్ప మర్సిపొయినాడు. ఆ ఎద్దు ఇంగా కుంటతానే ఉండాది."

ఆ పుస్తకం మూడుసార్లు చదివిన నాకు అందులో ఎద్దు ఉన్నట్టే గుర్తులేదు. ఆ సాయంత్రం బీరువా దగ్గర నిలబడి వెతికితే, నిజంగానే, ముల్లు ఎవరూ తీయలేదు. ఆ పేజీ అంచున పచ్చటి బొటనవేలి ముద్ర ఉంది.

ఆ తర్వాత ఆయన వారానికి రెండుసార్లు వచ్చేవాడు. కుర్చీలో కూర్చునేవాడు కాడు. కిటికీ పక్కన గోడకు ఆనుకుని, నేలమీద కాళ్ళు చాపి, పెదవులు కదుపుతూ చదివేవాడు. ప్రతి పుస్తకం గురించీ ఆయనకు మొదట ఒకటే సందేహం.

"ఇది ఏం నేల మేడమ్? ఎర్రదా, రేగడా, సవుడా?"

"అది... రచయిత చెప్పలేదన్నా. భూమి అంతే."

"భూమి అంతే అంటే ఎట్ల? పెండ్లికూతురు యా ఊరిదో సెప్పకుండా పెండ్లి సేసినట్టుండాది."

ఒక పుస్తకంలో రచయిత పేజీకి ఒకసారి 'నేలతల్లీ' అని గుండె బాదుకుంటాడు. అది నాకు చాలా ఇష్టమైన పుస్తకం. ఆయన దాన్ని తెచ్చి బల్లమీద పెట్టి, "ఎన్నిసార్లు తల్లీ అన్నాడో లెక్క పెట్టలేక ఇడ్సిపెట్టినా. దుక్కి ఎన్నిసార్లు దున్నినాడో సూద్దామంటే ఒక్కసారి గూడా దున్నలా" అన్నాడు. అది విన్నాక ఆ పుస్తకాన్ని మళ్ళీ ఎవరికీ సిఫారసు చేయలేకపోయాను. నా దగ్గరున్న మంచి పుస్తకాల్లో సగం ఆయన ఇలాగే పాడు చేశాడు.

ఒకరోజు బీరువాకు అంటించిన నా అట్ట చదివి, "ఉనికి అంటే ఏంది మేడమ్?" అని అడిగాడు. అడిగితే ఊరుకుంటానా! మనిషి తనను తాను ఎలా గుర్తుపడతాడు, సమాజం అతన్ని ఎలా గుర్తిస్తుంది, పరాయితనం అంటే ఏమిటి... పావుగంట మాట్లాడాను. ఆయన తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఊర్లో మనల్ని ఏమని పిలుస్తారో అదేనా?"

"ఇంచుమించు అదే అన్నా."

"అట్లయితే నాకు రెండుండాయి. మా సేను మిట్ట మింద గదా, ముందర నన్ను మిట్టసేనాయన అనేటోళ్ళు. ఇప్పుడు లానాయన అంటా ఉండారు." నవ్వాడు. "ముప్పై ఏండ్లు గడ్డి పీకి బతికినా మేడమ్. ఇప్పుడు గడ్డి పెంచి బతకతా ఉండా."

నా పావుగంట ఉపన్యాసం ఏమైందో నాకు తెలియలేదు. ఆ రెండు మాటలూ మాత్రం డైరీలో రాసుకున్నాను, ఎక్కడైనా మాట్లాడేటప్పుడు పనికొస్తాయని. నా బుద్ధి అలాంటిది.

ఆ బుద్ధితోనే ఆ ఏడు గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సభ పెట్టాను. తిరుపతి నుంచి ఒక కాలేజీ తెలుగు లెక్చరర్ గారిని పిలిచాను. వేదిక మీద ఆయన పక్కన మన లానాయనకు కుర్చీ వేశాను. శాలువా తెప్పించాను. నలభై మంది దాకా వచ్చారు. అందులో సగం మంది పక్క బడి పిల్లలు, టీచరమ్మ భయానికి కదలకుండా కూర్చున్నారు. నేను మైకు పట్టుకున్నాను.

"మన మధ్య ఒక రైతు ఉన్నాడు. తరతరాల నేలను ఆయన చేతుల్లోంచి లాగేసుకున్నారు. వేర్లు తెగిన ఆ చెట్టు ఇప్పుడు పుస్తకాల నీడన సేద తీరుతోంది..."

వేర్లు తెగిన చెట్టు ఇంకో నీడన ఎలా సేద తీరుతుందో నాకిప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం నా కళ్ళు నిజంగానే చెమర్చాయి. లెక్చరర్ గారు తల ఊపారు. లానాయనను రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చాను.

ఆయన మైకును, కరుస్తుందేమో అన్నట్టు, దూరంగా పట్టుకున్నాడు.

"మేడమ్ మంచిది. కానీ ఆమె సెప్పింది తప్పు. నా నేలను ఎవురూ గుంజుకోలా. నేనే అమ్మినా. సంతోసంగా అమ్మినా. ముప్పై ఏండ్లు వాన కోసరం మోడం తట్టు సూసి సూసి మెడకాయ నొప్పి పుట్టింది. కొన్నోళ్ళు గూడా మంచోళ్ళే. కుర్సీ ఏసి కాపీ ఇచ్చినారు. సంతకం పెట్టి ఇంటికొచ్చి, అన్నం తిని పండుకున్నా. వాన వస్తాదా రాదా అనే రంది లేకుండా నిద్రపొయింది నా జన్మలో అదే."

పిల్లలు పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, లెక్చరర్ గారి వైపు తిరిగాడు.

"లేసినాంక ఏం జెయ్యాల్నో తెలీలా సార్. అదే కతంతా. మేడమ్ ఇచ్చిన పుస్తకాలు పద్నాలుగు సదివినా. అన్నిట్లో ఒగడొచ్చి నేల గుంజుకుంటాడు. దొర గుంజుకుంటాడు, షావుకారి గుంజుకుంటాడు, గవర్మెంటు గుంజుకుంటాది. వాళ్ళకేం సార్, బాగుండారు. తిట్టుకునేదానికి ఒగడుండాడు. నేను ఎవుర్ని తిట్టేది? తనంతట తానే అమ్ముకున్నోడు తర్వాత ఎట్ల బతికినాడో, అట్లాంటి పుస్తకం ఒగటి ఉంటే ఇప్పించండి."

లెక్చరర్ గారు నా వైపు వంగి మెల్లగా అడిగారు: "మేడమ్, ఇప్పుడు శాలువా కప్పాలా, వద్దా?"

కప్పాం.

మూడు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన మామూలుగానే వచ్చాడు, చేతులు కడుక్కున్నాడు, గోడకు ఆనుకున్నాడు.

"కోపమా మేడమ్?"

"నాకెందుకన్నా కోపం?"

"కోపమే. మీరు బీరువా తలుపు ఇంత గెట్టిగా ఎప్పుడూ ముయ్యలా."

కోపం ఆయన మీద కాదని నాకు తెలుసు. పద్నాలుగు పుస్తకాలిచ్చాను, ఒక్క ప్రశ్న అడగలేదు. 'నీ నేల ఎట్ల పోయిందన్నా' అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగాలని తోచలేదు. నాకు కథ ముందే తెలుసు కదా!

ఆయనడిగిన పుస్తకం కోసం వెతకడం మొదలుపెట్టాను. మా గ్రంథాలయం జాబితా, తిరుపతి పెద్ద గ్రంథాలయం జాబితా, పాత పుస్తకాల అంగళ్ళు. ఫోన్ గుంపులో అడిగితే ముప్పై మంది ముప్పై పుస్తకాలు చెప్పారు. అన్నింటిలోనూ గుంజుకునేవాడు ఉన్నాడు. లెక్చరర్ గారికి ఫోన్ చేశాను. "అలాంటి ఇతివృత్తంలో సంఘర్షణ ఉండదు మేడమ్" అన్నారాయన. ఆ మాట నిజమేననిపించి తల ఊపాను కూడా, ఫోన్లో కనబడదని మరచిపోయి.

చివరికి పరువు కోసం ఒక అబద్ధం ఆడాను. ఒక లావుపాటి నవలను చివరి వంద పేజీలు చదవకుండానే, "ఇదిగో అన్నా, మీరడిగిన పుస్తకం. ఇందులో రైతే అమ్ముకుంటాడు" అని ఇచ్చాను. ఆయన ఎంత సంబరపడ్డాడంటే, ఆ రోజు కిటికీ పక్కన కూర్చోకుండా పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

నెల తర్వాత తెచ్చాడు. బల్లమీద పెట్టాడు గానీ చెయ్యి తియ్యలేదు.

"మొదట్లో బాగుండాది మేడమ్. తానే అమ్ముతాడు. నేను మా ఇంటామెకు గూడా సదివి ఇనిపిచ్చినా. కడాన సూస్తే వాళ్ళన్న తాగిపిచ్చి ఏలిముద్ర ఏపిచ్చినాడంట. ఈడ గూడా ఒగడు దొరికినాడు, తప్పు మొయ్యడానికి."

నేను చదవకుండా ఇచ్చానని ఆయనకు అర్థమైంది. ఏమీ అనలేదు. అనకపోవడం వల్ల ఆ రోజంతా నేను ఎవరికీ ఏ పుస్తకమూ సిఫారసు చేయలేదు. నా ఉద్యోగ జీవితంలో అలాంటి రోజు అదొక్కటే.

ఆ వేసవిలో మా బంధువుల అమ్మాయి పెళ్ళి అదే హాల్లో జరిగింది. పొద్దున ముహూర్తం. భోజనాల వేళకు పచ్చిక అంచున, పట్టుచీరలో చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే, వెనక నుంచి పిలుపు.

"మేడమ్, సెప్పులు ఇడ్సి నిలబడండి. సల్లగా ఉంటాది."

చేతిలో నీళ్ళ పైపు. వెనక చెట్టు కింద గడ్డి కోసే మిషను. దానిమీద మేం కప్పిన శాలువా కప్పి ఉంది. నేను దాన్ని చూడటం ఆయన చూశాడు. "దుమ్ము పడకుండా. గెట్టి గుడ్డ" అని మెచ్చుకున్నాడు.

చెప్పులు విప్పాను. ఆయన నన్ను ఆ పచ్చిక మీద అటూ ఇటూ నడిపించాడు. నీళ్ళు చిమ్మే బొమ్మ ఉన్నచోట బావి ఉండేదట. ఫోటోలు తీసుకునే పూల ద్వారం దగ్గర మడి. "మీరు నిలబడింది సెనిక్కాయల కయ్య. ఈడ నుంచి ఆ కుర్సీల దాకా ఎర్ర గరుసు. ఆ మూల కొంచెం సవుడుండాది. అందుకే ఆడ గడ్డి పసుపు తిరిగి ఉండాది, సూడండి. ఎన్ని నీళ్ళు కట్టినా అంతే. మేనేజరు నన్ను తిడతా ఉంటాడు. నేల ఊరుకుంటాదా, దాని గుణం యాడికి పోతాది?"

ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో దుఃఖం వెతికాను. అలవాటు చొప్పున. అక్కడ ఉన్నది కొంచెం గర్వం. లోపల ఏముందో నేను చూడగలిగే మనిషిని కాను.

ఎందుకు చెప్పాలనిపించిందో తెలియదు. కాళ్ళకింద చల్లగా ఉండటం వల్లేమో, చెప్పేశాను.

"అన్నా, నేనూ సభల్లో ఒక అబద్ధం చెప్తుంటాను. మా మగ్గాన్ని ఎవరూ లాగేసుకోలేదు. మా నాయనే అమ్మేశాడు. అమ్మమని పోరింది నేను."

ఆయన పైపును గడ్డిలో వదిలి, నా వైపు తిరిగాడు. నేను చెప్పుకుపోయాను. మాది ఒకే గది ఇల్లు. గదిలో సగం మగ్గం. ఆ ఏడు నేను ఇంటర్ పరీక్షలకు చదువుతున్నాను. పొద్దస్తమానం టకటక. 'ఈ సప్పుడులో ఎట్ల సదివేది నాయనా' అని రోజూ ఏడ్చేదాన్ని. నేత మీద రాబడీ అంతంతమాత్రమే. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి మగ్గం ఉన్నచోట ఖాళీ నేల. ఇల్లంతా నిశ్శబ్దం. నేను ఎగిరి గంతేశాను. ఆ ఖాళీలో చాప పరుచుకుని చదివాను. మంచి మార్కులొచ్చాయి.

"మీ నాయన తర్వాత ఏం పని జేసినాడు?"

"బట్టల అంగట్లో చేరాడు. బట్టలు మడత పెట్టే పని."

"ఎంటనేనా?"

"కాదు. ఎనిమిది నెలలకు."

"ఆ ఎనిమిది నెల్లు ఏం జేసినాడు?"

మా నాయన ఇంకా ఉన్నాడు. నగరిలో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. పండక్కో పబ్బానికో వెళ్తాను, మాత్రలు వేసుకున్నాడా లేదా అని అడుగుతాను. ఈ సంగతి ఎన్నడూ అడగలేదు.

"తెలియదన్నా."

"పొద్దున లేసి ఏం జేస్తా ఉన్నాడో, యాడ కూసుంటా ఉన్నాడో... ఏమన్నా తెలుసునా?"

"తెలియదు."

ఆయన మళ్ళీ పైపు చేతిలోకి తీసుకున్నాడు. "అడిగి సెప్తారా మేడమ్? పుస్తకం లేకపోతే పోనీ. అదొగటి అడిగి సెప్పండి, సాలు."

అడిగి చెప్తానన్నాను. అక్కడి నుంచి నగరి బస్సుకు రెండు గంటల దారి కూడా లేదు.

తర్వాత వారం వచ్చి అడిగాడు: "అడిగినారా మేడమ్?" ఈ ఆదివారం వెళ్తానన్నా అన్నాను. ఆ ఆదివారం పుస్తకావిష్కరణ ఉంది. మరో నెలకు మళ్ళీ అడిగాడు. ఫోన్లో అడిగే సంగతి కాదన్నా, వెళ్ళాలి అన్నాను. ఆ మాట నిజమే. వెళ్ళకపోవడమూ నిజమే. మూడోసారి ఆయన నోటితో అడగలేదు. పుస్తకం తీసుకుని నా ముఖం చూశాడు. నేను రబ్బరు స్టాంపు మీద ఊది, తారీకు వేసి, ఇచ్చేశాను. అదే ఆయన కడపటి రాక. ఆ వారమే నేను పది పుస్తకాల జాబితా రాసే పనిలో పడ్డాను.

ఆదెమ్మ చెప్పిన మరుసటి ఆదివారం లానాయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య పెద్దగా ఏడవలేదు. "మీరేనా మేడమంటే? రోజూ మీ మాటే" అంది. ఏమి మాట అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అక్కడి నుంచి తిరుపతి వచ్చి, ఇంటికి వెళ్ళకుండా నగరి బస్సెక్కాను.

మా నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏమ్మా, ఏమైంది, సుమ్మా వస్తివా?" అన్నాడు, ఊరికే వచ్చే మనిషిని కానని తెలుసు కాబట్టి. పక్కన కూర్చున్నాను. మాత్రల సంగతి అడగలేదు.

"నాయనా, మగ్గం అమ్మినాంక నువ్వు అంగట్లో చేరేదానికి ఎనిమిది నెలలు పట్టింది గదా. అన్ని నెల్లు నువ్వు ఏం చేస్తా ఉంటివి?"

నాయన నా వైపు చూశాడు, నేను వేరే భాషలో మాట్లాడినట్టు.

"టేసను కాడికి పోతా ఉంటి."

"రైలు స్టేషనుకా? ఎందుకు?"

"నువ్వు ఇంట్లో సదువుకుంటా ఉంటివి గదా. ఇల్లు సప్పుడు లేకుండా ఉన్నె. నీకు బాగున్నె. నాకు ఆ సప్పుడు లేకుండా కూసోడానికి అయ్యేది కాదు. పొద్దున పోతే మద్రాసు బండి వస్తాది. పట్టాల మింద టకటక టకటక అంటా వస్తాది. సిమెంటు బెంచీ మింద కూసోని ఇంటా ఉంటి. నాలుగు బండ్లు పొయినాంక ఇంటికొస్తా ఉంటి."

"ఎనిమిది నెలలూనా?"

"అంతుంటాది."

"మాకెవరికీ చెప్పలేదే నాయనా."

"ఎవురడిగినారు?"

తిట్టినట్టు అనలేదు. జరిగింది చెప్పినట్టే అన్నాడు. నేను ఆ ఖాళీ చోట చాప పరుచుకుని చదివిన పుస్తకాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాటిలో చాలా భాగం బీదల కష్టాల గురించే. వాటికి నేను బాగా ఏడ్చాను.

"అమ్మినందుకు బాధపడినావా?"

"అమ్మింది మంచిదే." మళ్ళీ ఆలోచించాడు. "మంచిదేమా. నువ్వు సదివితివి, వాడు సదివె. మంచిపనే జేసినా. అయినా కూసునేదానికి ఒగ సోటు కావాల గదా మనిసికి." తర్వాత అనుమానంగా నన్ను చూశాడు. "ఇన్నేండ్లకు ఇది అడగమని ఎవురు సెప్పినారు నీకు?"

"మా లైబ్రరీకి వచ్చే ఒకాయన, నాయనా."

నాయన వెంటనే అడిగాడు:

"ఆయప్ప ఏం అమ్ముకున్నాడు?"

నా బీరువానిండా పుస్తకాలున్నాయి. లెక్చరర్ గారున్నారు, ముప్పై మంది గుంపు ఉంది. ఒక్క పుస్తకం చదవని మా నాయన మొదటి మాటే అది.

"నేల నాయనా. రెండెకరాలు."

"ఊఁ" అని తల ఊపాడు. చాలా కాలంగా తెలిసిన మనిషి గురించి విన్నట్టు ఊపాడు. అరుగు మీద చేత్తో తడిమి, తన పక్కన కొంచెం చోటు సర్ది చూసుకున్నాడు.

"ఒగసారి పిల్సుకోని రా ఆయప్పను. మాట్లాడుకుంటాము."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. మా నాయన ముఖం చూస్తే రాలేదు.

"సరే నాయనా."

"ఆదివారం అయితే మంచిది" అన్నాడు. "ఆ దినం పక్కింట్లో మిషను మగ్గాలు ఆడవు. నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు."

"ఆదివారమే పిల్చుకొస్తాను" అన్నాను.